పెదిమకు తగిలే ఇత్తడి: మన ఊర్ల బ్యాండు మేళం చరిత్రలో ఒక చిన్న ముక్క

పోస్టు రొంత పొడుగుంటుంది. హాస్టల్లో రాత్రిపూట ఫోన్లో ముక్కలు ముక్కలుగా రాసినాను, ఓపిగ్గా చదవండి.

మన జాతుల చరిత్ర అంటే భూములు, అడవి, జీవోలు, పోలీసు కేసులు. అవన్నీ పెద్ద సంగతులు, రాయాల్సిందే. నేను మాత్రం ఈసారి పది రూపాయల బిళ్లంత వెడల్పుండే ఒక ముక్క గురించి రాస్తాను. పెండ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడి నోటికి ఆనుకొని ఉంటుందే, ఆ మౌత్‌పీస్. మా చిన్నాయన దాన్ని మూతిపీసు అంటాడు. ఆయన ముప్పై ఏండ్లుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్యన పెండ్లిండ్లకు, జాతర్లకు, దసరా ఊరేగింపులకు ట్రంపెట్ ఊదుతాండాడు. మేము యెరుకలోళ్లం. మా ఇంట్లో ఇత్తడి అంటే బిందె కాదు, ట్రంపెట్.

ఇంత చిన్నదానికి చరిత్ర యాడుంది అంటారేమో. ఉండాది. మూతిపీసు ఏ లోహంతో చేసినారు, దాని మీద ఏ పూత పూసినారు అనేది చూస్తే, దాన్ని ఎవరు కొన్నారో, ఊదేవాడి పెదిమల గురించి ఎవరైనా ఆలోచించినారో లేదో తెలిసిపోతుంది.

ముందు అది పని చేసే తీరు చెప్తాను. ట్రంపెట్‌లో శబ్దం పుట్టేది ఇత్తడిలో కాదు, పెదిమల్లో. రెండు పెదిమలు బిగబట్టి ఊదితే అవి అదురుతాయి. ఆ అదురును గొట్టం పెద్దది చేస్తుంది. మూతిపీసుకు ఒక గుండ్రటి అంచు, లోపల చిన్న గిన్నె, దాని అడుగున సన్న బెజ్జం, కింద కాడ ఉంటాయి. ట్రంపెట్‌దైతే అంచు లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు. ట్రాంబోన్‌కు 25 దాకా, పెద్ద ట్యూబాకు 32 దాకా పోతుంది. ట్రంపెట్ చిన్నది కాబట్టి ఒత్తిడంతా సన్న గీత మీద పడుతుంది. పై స్వరం పట్టాలంటే చాలామంది వాయిద్యాన్ని మూతికి అదిమేస్తారు. పెదిమల ఎర్రటి భాగంలో చర్మం శానా పల్చన, చెమట గ్రంథులు కూడా ఉండవు. ఒళ్లంతటిలో అంత సున్నితమైన చోట మూడు నాలుగు గంటలు లోహం ఒత్తుకొని ఉంటుంది. అందుకే ఆ లోహం ఏదనేది చిన్న విషయం కాదు.

మన దగ్గర లోహాన్ని నోటికి పెట్టుకొని ఊదడం ఇంగ్లీషోళ్లు నేర్పిందేం కాదు. కొమ్ము అనే మాటే చూడండి. మొదట జంతువు కొమ్మును ఊదినారు. తర్వాత రాగితోనో కంచుతోనో అదే వంకరలో చేసినా పేరు మాత్రం కొమ్మే. గండికోట లాంటి కోటల కాలంలో కొమ్ము, బూర, నగారా లేకుండా దండు కదిలేది కాదు, దేవుడి ఊరేగింపూ కదిలేది కాదు. మన సుగాలి అన్నల తండాల్లో నగారాతో పాటు కంచు పళ్లెం కొట్టడం ఇప్పటికీ ఉండాది. కొమ్ముకు విడిగా మూతిపీసు అంటూ ఉండదు. గొట్టం ఏ లోహమో నోటికి తగిలేదీ అదే. పూత మాటే లేదు. అయినా ఇబ్బంది తక్కువ, ఎందుకంటే కొమ్ముతో పాట మొత్తం వాయించరు. నాలుగు కేకలు వేసి దించేస్తారు. పెండ్లిలో పాట వాయించే పని నాదస్వరానిది. దాని పీక రెల్లుది, లోహం కాదు.

1800లో నిజాం మన దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేసినాడు. కంపెనీ పటాలాలతో పాటు బ్యూగిల్, డ్రమ్ము, తర్వాత తర్వాత మొత్తం బ్యాండు వచ్చినాయి. అక్కడి నుంచి రాజుల కొలువులకు, జమీందార్ల ఇండ్లకు, చివరికి పెండ్లి వీధికి దిగింది. బ్యాండోళ్ల యూనిఫారం భుజాల మీద ఆ జరీ కుచ్చులు ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందా? అది మిలిటరీ చొక్కా. వేసుకున్న మనిషి మాత్రం మారిపోయినాడు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిపింది. వాయిద్యాల ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, మిగతాది జింకు ఉండటం మామూలు. మూతిపీసును లేత్ మిషన్ మీద కోస్తారు కాబట్టి దానికి వాడే ఇత్తడిలో సులువుగా తెగడానికి రొంత సీసం కూడా కలుపుతారు, సాధారణంగా రెండు మూడు పాళ్లు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఒట్టి ఇత్తడి నోట్లో పెట్టుకుంటే ఏమవుతుందో మన అవ్వలకు ఏ కాలేజీకి పోకుండానే తెలుసు. చింతపులుసు ఇత్తడి గిన్నెలో పెడితే చిలుము పడుతుంది, తింటే కడుపులో తిప్పుతుంది. అందుకే కళాయి వేయించేవాళ్లు. తోలు తిత్తితో నిప్పు ఊదుకుంటూ, గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం రుద్దేవాళ్లు వీధిలోకి వచ్చేవాళ్లు. నిమిషంలో గిన్నె లోపల వెండి మాదిరి తెల్లగా అయిపోయేది. ఉమ్ము, చెమట కూడా ఇత్తడితో పులుసు చేసే పనే నిదానంగా చేస్తాయి. రాగి, జింకు రొంత రొంత కరిగి నాలుకకు చేదు తగులుతుంది, అంచు పచ్చబడుతుంది, పెదిమ పగులు ఉంటే మండుతుంది. దీనికి యూరప్‌లో కనిపెట్టిన కళాయి పేరు వెండిపూత.

1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ అనే కంపెనీ వాళ్లు కరెంటుతో పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. వెండి కలిసిన సయనైడ్ ద్రావణంలో ఇత్తడి వస్తువును ముంచి బ్యాటరీ కరెంటు పారిస్తే వెండి వచ్చి పొరలాగా అంటుకుంటుంది. అంతకుముందు బంగారు పూత కావాలంటే పాదరసంలో బంగారం కలిపి పూసి కాల్చాల్సి వచ్చేది, ఆ పొగకు పనివాళ్లు రోగాల పాలయ్యేవాళ్లు. ఎల్కింగ్టన్ పద్ధతి వచ్చినాక వెండిపూత చవకైపోయింది. గిన్నెలు, స్పూన్లతో పాటు బ్యాండు వాయిద్యాలకు కూడా అదే పూత. అప్పటి నుంచి ఈ రోజు దాకా మంచి మూతిపీసు అంటే ఇత్తడి మీద వెండి. ఖరీదైనది కావాలంటే ఆ వెండి మీద బంగారం.

ఇక్కడ మన కథ ఒక మలుపు తిరుగుతుంది. ఇంగ్లండులో ఇత్తడి బ్యాండును వీధిలోకి తెచ్చినవాళ్లలో సాల్వేషన్ ఆర్మీ ముఖ్యం. 1878లో సాలిస్‌బరీ అనే ఊర్లో ఫ్రై అనే తండ్రి, కొడుకులు వాళ్ల మీటింగులకు రక్షణగా వచ్చి వాయిద్యాలు ఊదినారు, అది వాళ్ల మొదటి బ్యాండు. తర్వాత సెయింట్ ఆల్బన్స్‌లో సొంతంగా వాయిద్యాల ఫ్యాక్టరీ కూడా నడిపినారు. అదే సాల్వేషన్ ఆర్మీ 1882లో బొంబాయిలో దిగింది. మనకు, ముఖ్యంగా మా యెరుకలోళ్లకు, ఆ పేరు వేరే రకంగా తెలుసు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి నడిపింది వాళ్లే.

మావాళ్లు ఉప్పు యెరుకలు, కరివేపాకు యెరుకలు. కోస్తా నుంచి ఉప్పు, కరివేపాకు గాడిదల మీద, ఎద్దుల మీద తెచ్చి లోపలి ఊర్లల్లో గింజలకు మార్చుకొనేవాళ్లు. రైలు వచ్చి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చి ఆ బతుకు పోయింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి తెచ్చినారు. పుట్టుకతోనే దొంగ అన్నారు. సెటిల్మెంట్లో హాజరు పిలుపు, బయటికి పోవాలంటే పాసు, పిల్లల్ని అమ్మానాయనల నుంచి వేరు చేసి పెంచడం. ఈ సంగతులన్నీ మీనా రాధాకృష్ణ అనే పరిశోధకురాలు 2001లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాసినారు. చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న.

ఇప్పుడు అదే 1913లో ప్రపంచానికి ఆ పక్క ఏం జరిగిందో చూడండి. అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లో పదకొండేండ్ల నల్లజాతి పిల్లోడు కొత్త సంవత్సరం రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినాడని పట్టుకొని నల్లపిల్లల సంస్కరణ గృహంలో వేసినారు. ఆడ ఒక బ్యాండు ఉండేది. ఆ పిల్లోడు ఆ బ్యాండులోనే కార్నెట్ నేర్చుకున్నాడు. వాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, తర్వాత జాజ్ సంగీతానికి ప్రపంచమంతా తెలిసిన పేరు. జైలు మాదిరి చోట్ల పిల్లోళ్ల చేతికి ఇత్తడి బ్యాండు ఇవ్వడం ఆ కాలంలో ఒక పద్ధతి. క్రమశిక్షణ వస్తుందని వాళ్ల లెక్క. పిల్లోడికి ఏమొస్తుందో వాళ్లు లెక్కేసుకోలేదు, వాడికి సంగీతం వచ్చింది.

ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి ఇంకో మాట, ఇది నేరుగా మన విషయమే. 1930లలో ఆయన పెదిమ పగిలిపోయి నెలల తరబడి వాయించకుండా ఆగిపోవాల్సి వచ్చింది. జర్మనీలో మాన్‌హైమ్ ఊరి నుంచి ఒక పెదిమల మందు తెప్పించుకొని జీవితాంతం వాడినాడు. పెదిమ చుట్టూ ఉండే కండరం తెగితే దానికి డాక్టర్లు ఆయన ముద్దుపేరు మీదనే సాచ్మో సిండ్రోమ్ అని పేరు పెట్టినారు. అంత పెద్దాయన పరిస్థితే అదైతే, నాలుగు కిలోమీటర్లు నడుస్తూ ఊదే మనోళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మన ఊర్లకు వాయిద్యాలు వచ్చేది బర్మింగ్‌హామ్ నుంచి కాదు, ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నుంచి. ఆడ జాలీ కోఠీ అనే వీధంతా బ్యాండు వాయిద్యాలే. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఆ వీధికి పెద్దదిక్కు. దేశంలో పెండ్లి బ్యాండు ఇంతగా పరుచుకుందంటే మీరట్ పనివాళ్ల పుణ్యమే, విదేశీ వాయిద్యాలైతే ఏ బ్యాండు మాస్టరు కొనగలడు? చవకగా చేయాలంటే యాడో ఒకచోట తగ్గించాల. ఎక్కువగా తగ్గేది పూతలోనే. వెండి బదులు నికెల్ వస్తుంది. తెల్లగా మెరుస్తుంది, గట్టిగా ఉంటుంది, వెండి మాదిరి నల్లబడదు, చవక. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. పెండ్లివాళ్లకు కావాల్సింది మెరుపు, అది నికెల్ ఇస్తుంది. పెదిమకు కావాల్సింది వేరే.

ఆ వేరే ఏందో చెప్పడానికి ప్రొద్దుటూరు పోవాల. బంగారం అంగళ్ల వల్ల దాన్ని రెండో ముంబై అంటారు కదా. బంగారంతో పాటు కవరింగ్ నగల వ్యాపారం కూడా ఉంది. మన అక్కచెల్లెళ్లకు తెలిసిన సంగతి: రోల్డ్ గోల్డ్ కమ్మలు పెట్టుకుంటే కొంతమందికి చెవి తమ్మెలు ఎర్రబడి, దురదపుట్టి, నీరు కారుతుంది. బంగారం పడలేదు అనుకుంటారు. పడనిది బంగారం కాదు. కవరింగ్‌లో బంగారం కింద నికెల్ పొర వేయడం మామూలు, కింది రాగి పైకి రాకుండా. పైపూత అరిగినాక చర్మానికి తగిలేది ఆ నికెల్. ఒకసారి ఒంటికి నికెల్ పడకుండా పోయిందంటే ఇంక జీవితాంతం పడదు. యూరప్‌లో 1994లో కమ్మలు, గడియారాలు లాంటివాటి నుంచి నికెల్ ఎంత వదలొచ్చో హద్దు పెట్టి చట్టం చేసినారు. చెవి తమ్మెకే అంత గొడవైతే తడి పెదిమకు ఎట్లుంటుంది? మా చిన్నాయన సెట్టులో ఇంకో అన్నకు మూతి చుట్టూ గుండ్రంగా దద్దు లేచేది. సరిగ్గా మూతిపీసు అచ్చు. దిష్టి తగిలిందని నిమ్మకాయలు తిప్పినారు. సీజను అయిపోతే తగ్గేది, మళ్లీ మాఘమాసం ముహూర్తాలకు లేచేది.

తాకిడి సంగతి వేరే. వాయించేవాళ్లను అడిగితే వాళ్ల మాటల్లో చెప్తారు. వెండి రొంత పట్టుకుంటుంది, పెదిమ జారదు. బంగారం నున్నగా, మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది, పెదిమను అటూ ఇటూ జరుపుకోవచ్చు. నికెల్, క్రోమియం చెమట తగిలితే సబ్బుబిళ్ల మాదిరి జారుతాయి, జారకుండా ఇంకా గట్టిగా అదుముతారు, పుండు పడేది ఆడనే. బంగారం వెచ్చగా ఉంటుంది అని కూడా అంటారు. నాకు ఇది నమ్మబుద్ధి కాలేదు. మా ఫిజిక్స్ లెక్క ప్రకారం వేడిని పారించే శక్తి వెండికి 429, బంగారానికి 318, ఇత్తడికి 120 దగ్గర, స్టెయిన్‌లెస్ స్టీలుకు 15 దగ్గర. పూత మందం కొన్ని మైక్రాన్లే, మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పల్చటి పొర వేడిని ఆపేదీ లేదు, పెంచేదీ లేదు. వేడి, చలి తేల్చేది లోపలి ఇత్తడి. పూత తేల్చేది జారుడు, రుచి, దురద ఈ మూడే. ఆ మూడూ చాలు మనిషిని ఇబ్బంది పెట్టడానికి.

చలిదేశాల్లో మంచులో కవాతు చేసేటప్పుడు పెదిమ లోహానికి అంటుకోకుండా ప్లాస్టిక్ మూతిపీసులు వాడతారు. మన కష్టం దానికి తిరగేసి. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే పెండ్లి బృందం మధ్యాహ్నం పన్నెండు గంటలకు దిగి వాయించమంటుంది. ట్రంపెట్ అంతదాకా టెంపో టాపు మీద ఎండలో ఉండింటుంది. ఇత్తడి ఒంటి వేడి కంటే ఎక్కువ కాలినాక పెదిమ మీద పెడితే వాత పెట్టినట్టే. మా చిన్నాయన మూతిపీసును తడిగుడ్డలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుంటాడు. చలికోసం కనిపెట్టిన ఆ ప్లాస్టిక్ ముక్క మన ఎండకు కూడా పనికొస్తుందని నా అభిప్రాయం. ప్లాస్టిక్ అంత తొందరగా వేడిని వదలదు. పెండ్లివాళ్లకు మెరుపు తగ్గిందని పేచీ వస్తే రాత్రి ఊరేగింపుకు లోహంది, పగటిపూట అది పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బ్యాండు సెట్టులో వాయిద్యం వాయించేవాడిది కాదు, ఓనరుది. మూతిపీసు కూడా సెట్టుతో పాటే. సీజన్లో ఈ రోజు ఒకడు ఊదిన ముక్క రేపు ఇంకొకడి మూతికి పోతుంది. పదేండ్లు వాడినాక అంచు మీద పూత అరిగిపోయి లోపలి పచ్చటి ఇత్తడి బయటపడుతుంది. పైన చెప్పిన సీసం కలిసిన ఇత్తడి అదే. మళ్లీ పూత వేయించే ఖర్చు పెద్దదేం కాదు, కానీ అరిగింది ఓనరు పెదిమ మీద కాదు కదా. మా చిన్నాయన ఇరవై ఏండ్లకు పైగా అట్లాంటి ముక్కతోనే ఊదినాడు. కింది పెదిమ లోపల కాయ కట్టింది. పై స్వరం పట్టలేకపోతే తాగొచ్చినాడు అనుకున్నవాళ్లు ఉండారు. ఆయన జన్మలో తాగలేదు.

1918లో న్యూయార్కులో విన్సెంట్ బాక్ అనే ట్రంపెట్ వాద్యగాడు మూతిపీసులు చేయడం మొదలుపెట్టినాడు. కారణం ఏమంటే రిపేరుకు ఇచ్చిన ఆయన సొంత మూతిపీసును పనివాడు పాడు చేసినాడు. ఊదేవాడే చేసేవాడైనాడు కాబట్టి ఎవరి పెదిమకు తగ్గట్టు వాళ్లకు అంచు, లోతు మార్చి నంబర్లు పెట్టినాడు. ఈ రోజు చవక ట్రంపెట్ కొన్నా దాని మూతిపీసు మీద 7సి అని చెక్కి ఉంటుంది చూడండి, అది ఆయన లెక్కే. నంబరు కాపీ కొట్టినారు, పూత మాత్రం కొట్టలేదు.

సెలవుల్లో బ్యాండుకు పోయి ఫీజులు కట్టుకొనే తమ్ముళ్లు ఈ గ్రూపులో ఉండారని నాకు తెలుసు. మీకు చెప్పేది ఒకటే. ట్రంపెట్ మొత్తం కొనలేం, మూతిపీసు కొనుక్కోగలం. కాడ సైజు దాదాపు అన్ని ట్రంపెట్లకు ఒకటే, ఏ సెట్టులోకి పోయినా మీది మీకు పడుతుంది. కొనేటప్పుడు వెండిదో నికెల్‌దో అంగట్లోవాళ్ల మాట మీద పోవద్దు. కొన్నాళ్లు పెట్టెలో పెడితే గోధుమరంగుకు తిరిగి నల్లబడిందంటే వెండి, టూత్‌పేస్టుతో గరగరా రుద్దొద్దు, పూత పోతుంది, మెత్తటి గుడ్డ చాలు. ఎన్నాళ్లైనా అట్లనే రొంత పసుపు కలిసిన తెలుపులో మెరుస్తాంటే నికెల్. మూతి చుట్టూ గుండ్రంగా దురద వస్తే దిష్టి అనుకోకుండా చర్మం డాక్టరుకు చూపించండి, ఏ లోహం పెట్టుకుంటున్నారో కూడా చెప్పండి. అరిగి పసుపుపచ్చ కనిపించేదాన్ని మూతికి పెట్టుకోవద్దు.

మా చిన్నాయన 2019లో సొంతానిది కొనుక్కున్నాడు. వెండిపూతది, సెకండ్‌హ్యాండు. మరుసటి ఏడు కరోనా వచ్చి పెండ్లిండ్లే లేవు, అది కర్చీఫులో చుట్టుకొని బీరువాలో పడుండె. ఇప్పుడు రాత్రి ఊరేగింపు అయిపోయినాక ట్రంపెట్ ఓనరు ఆటోలోకి పోతుంది, ఈయన మూతిపీసు పీకి, తుడిచి, జోబీలో వేసుకొని బస్సెక్కుతాడు. దాన్ని మా ఇంట్లో ఎవరినీ తాకనీయడు, నన్ను కూడా.

మీ ఇండ్లల్లో, మీ తండాల్లో, మీ కాలనీల్లో బ్యాండు గానీ కొమ్ము గానీ ఊదిన పెద్దోళ్లు ఉంటే రొంత అడిగి కింద రాయండి. ఏ ఊరి సెట్టు, ఏ వాయిద్యం, మూతిపీసు ఎవరిది, పెదిమలు ఎట్లుండేవి. యానాది అన్నలు, సుగాలి అక్కలు కూడా రాయండి. ఇవి ఏ గెజిటీర్లోనూ దొరకవు. మా చిన్నాయనకు ఇప్పుడు యాభై ఏడు, ఆయన గుర్తున్నవి చెప్తుంటే నేను ఒక నోటుబుక్కులో రాసుకుంటాండాను.